పచ్చ అట్ట పుస్తకం

(పదమూడో భాగం)

పోయిన వారం మన కండక్టరమ్మని కమ్యూనిటీ హాల్లో, నల్లబోర్డు ముందు, నోరు తెరుచుకుని నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే వదిలేసి వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా అక్కడే ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే కాళ్ళు పట్టేస్తాయి కాబట్టి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకి వెళ్దాం.

పన్నెండేళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి, ముప్పై ఆరో ఏట డిపోలో రెండేళ్ళ సెలవు పెట్టి యూత్ వర్కర్ల కోర్సులో చేరింది. కాలనీల్లో కుర్రకారుతో కూర్చుని, వాళ్ళ పని వాళ్ళే చక్కబెట్టుకునేలా వాళ్ళకి తోడుగా ఉండడం ఎలాగో పద్ధతిగా నేర్పే చదువది. చివరి ఆరు నెలలూ ఏదో ఒక చోట పనిచేసి చూపించాలి. ఆమెకి పడింది నీళ్ళ ట్యాంకు వెనకున్న పాత హాలు. వారానికి మూడు సాయంత్రాలు అక్కడికి తొమ్మిదిమంది వస్తారు, పదిహేనేళ్ళకీ పంతొమ్మిదేళ్ళకీ మధ్యవాళ్ళు. వాళ్ళ గురించి ఎప్పటికప్పుడు రాసుకోవడానికి ఒక పచ్చ అట్ట పుస్తకం. మనిషికి కొన్ని పేజీలు, పేజీకి మూడు గళ్ళు: పరిశీలన, అంచనా, లక్ష్యం. ఆ పుస్తకాన్ని బుధవారం క్యారమ్ బోర్డు మీద మర్చిపోయింది. గురువారం వచ్చేసరికి పుస్తకం ఎక్కడిదక్కడే ఉంది, పిల్లలే లేరు. కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. నల్లబోర్డు మీద మాత్రం, సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాల్లో, ఆమె రాసిన మాటే ఆమెకి ఎదురొచ్చింది: "నోరెక్కువ. లక్ష్యం: వినడం నేర్పించాలి."

అది ఎవరి గురించి రాసిందో ఆమెకి తెలుసు. ఎవరు బోర్డెక్కించారో కూడా తెలుసు. ఇద్దరూ ఒకరే.

శనివారం నాలుగింటికి, కోర్సు నడిపే పెద్ద మేడమ్ వస్తుంది. ఒక మూల కూర్చుని గంటసేపు చూస్తుంది. పిల్లలతో ఈమె పనిచేసే తీరు ఆ గంటలో నచ్చితేనే సర్టిఫికెట్టు. పిల్లలే లేకపోతే చూడ్డానికేముంటుంది, గోడలు తప్ప? పోనీ ఇంకోసారి అంటే ఏడాది ఆగాలి, డిపో సెలవేమో వచ్చే నెలతో సరి. అంటే ఇక రిటైరయ్యేదాకా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరుచుకుంటూ ఉండాల్సిందే.

గురువారం సాయంత్రమే పెద్ద మేడమ్‌కి ఫోన్ చేసింది. ఆవిడకి క్లాసులో ఒక చిత్రమైన అలవాటు. హాజరు పిలవదు. తలుపు దగ్గర నిలబడి "ఎవరు రాలేదు?" అని అడుగుతుంది. మొదటి వారం క్లాసంతా ముసిముసిగా నవ్వుకున్నారు, రానివాళ్ళు ఎలా పలుకుతారని. ఫోన్లోనూ అదే అడిగింది.

"ఎవరు రాలేదు?"

"ఎవరూ రాలేదు మేడమ్," అంది కండక్టరమ్మ, జరిగిందంతా ఏకరువు పెట్టి.

అవతల లవంగం నమిలే చప్పుడు కాసేపు వినిపించింది. "శనివారం నాలుగింటికి వస్తాను," అని పెట్టేసింది పెద్ద మేడమ్. తిట్టినా బాగుండేది.

*

శుక్రవారం పొద్దున ఆమె గోడు వినాల్సిన వంతు వాళ్ళమ్మకి వచ్చింది. అమ్మ దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, గోడకి వేలాడే కొలతల టేపు, నోట్లో నాలుగు గుండుసూదులు. ఆ సూదులు నోట్లో ఉండగానే అమ్మ ప్రపంచంలో ఏ విషయం గురించైనా మాట్లాడగలదు. బయటివాళ్ళకి అర్థం కాదు గానీ కూతురికి అలవాటే.

"రాసినదాంట్లో అబద్ధముందా?" అంది అమ్మ, మిషను ఆపకుండా.

"లేదమ్మా. నాకు కనిపించిందే రాశాను. మాకు నేర్పిందే అలాగ."

"మరి బాధెందుకు?"

"వాళ్ళు చదువుతారని రాయలేదు కదా."

అమ్మ మిషను ఆపింది. సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ఇలా సూదులన్నీ బయటికి వచ్చాయంటే కూతురికి మూడిందన్నమాటే.

"ఏమే, నేనూ నలభై ఏళ్ళుగా మనుషుల గురించి పుస్తకంలో రాస్తున్నాను, నీకు తెలీదా?" అని, మోచేతి పక్కనున్న కొలతల పుస్తకం ముందుకి తోసింది. "నడుము నలభై రెండు. ఇదిగో. ఆవిడ నా ఎదురుగా నిలబడి ఉంటుంది, టేపు చుట్టి పైకే చదువుతాను. ఒక్క అంగుళం తగ్గించి రాయవమ్మా అంటుంది. తగ్గిస్తే ఊపిరాడదు తల్లీ అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. అంతేగాని ఆవిడ గుమ్మం దాటాక, 'తిండి ఎక్కువ, లక్ష్యం తగ్గించాలి' అని పక్కన రాసుకోను."

కండక్టరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. తల కొట్టేసినట్టయింది కూడా.

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"నన్నడుగుతావేంటి? నాకు జాకెట్లు కుట్టడం వచ్చు. మనుషుల్ని కుట్టడం రాదు," అని అమ్మ మళ్ళీ సూదులు నోట్లో పెట్టేసుకుంది. దాంతో సంభాషణ ముగిసింది.

*

లాయరు హాలు లేని సాయంత్రాలు వాళ్ళ బావ జిరాక్సు కొట్టులో కూర్చుంటుంది. లాయరంటే నల్లకోటు లాయరు కాదు, పదిహేడేళ్ళ అమ్మాయి. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకేదో ఉంది గానీ, రెండో ఏటే మాటలొచ్చి ఐదో ఏటికల్లా వాదనలొచ్చాయని వీధంతా లాయరనే పిలుస్తారు. హాలుకి వచ్చే తొమ్మిదిమందిలో ఆమె వస్తేనే మిగతావాళ్ళు వస్తారు.

కండక్టరమ్మ వెళ్ళేసరికి కొట్టు ముందు ముగ్గురున్నారు. మిషను వేడికి చిన్న గదంతా ఉక్కగా ఉంది. లాయరు కాగితం పెట్టడం, మూత వెయ్యడం, మీట నొక్కడం, అన్నీ తలెత్తకుండా చేస్తోంది.

"ఎన్ని కాపీలు కావాలండీ?"

ఆ 'అండీ' చురుక్కుమంది. మొన్నటిదాకా "అక్కా, నువ్వు", ఇవాళ "మీరు, అండీ". మన భాషలో మర్యాదని మించిన చెంపదెబ్బ లేదు.

"నీతో మాట్లాడాలి," అంది కండక్టరమ్మ.

"మాట్లాడండి. వింటాను. వినడం నేర్చుకుంటున్నాను కదా."

లైన్లో ఉన్న పెద్దాయన ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి, తన కాగితాలు గుండెకి హత్తుకుని పక్కకి జరిగాడు. ఆడవాళ్ళ మధ్య ఏదో ఉందని అనుభవం మీద గ్రహించినట్టున్నాడు.

"అడక్కుండా ఇంకొకళ్ళ పుస్తకం చదవడం తప్పు కాదా?" అంది కండక్టరమ్మ. నిజానికి క్షమించమని అడగడానికే వచ్చింది. కానీ పన్నెండేళ్ళ బస్సు గొంతు, టిక్కెట్టు లేనివాణ్ణి పట్టుకున్న గొంతు, ముందు తన్నుకొచ్చింది.

"తప్పేనండీ," అంది లాయరు వెంటనే. "అడక్కుండా ఇంకొకళ్ళ గురించి రాయడం?"

కండక్టరమ్మ సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"మా మీద మీకెన్ని మార్కులొస్తాయండీ? పొడుగ్గాడికెన్ని? నాకెన్ని? నాకు ఎక్కువే రావాలి, నోరు పెద్దది కాబట్టి." లాయరు సొరుగు లాగి ఒక కాగితాల దొంతర బల్ల మీద పెట్టింది. "ఎవరి పేజీలు వాళ్ళకి కాపీ తీసి ఇచ్చేశాను. మొత్తం పుస్తకం నేను తప్ప ఎవరూ చూళ్ళేదు. అంతవరకు న్యాయంగానే చేశాను. ఇవి నావి."

ఆ పేజీలు కండక్టరమ్మవే. ఆమె చేతిరాతే. కానీ జిరాక్సులో నల్లగా, ఇంకెవరో రాసినట్టు కనిపించాయి. "ఇతరుల మాట పూర్తి కానివ్వదు." "నాయకత్వ లక్షణాలున్నాయి గానీ దారి తప్పాయి." బస్సు దిగేదాకా ఒకడి మీద చికాకు పడొచ్చు, దిగాక మర్చిపోవచ్చు. ఇక్కడ చికాకుని గళ్ళు గీసి మరీ దాచిపెట్టింది. సిగ్గేసింది. గొంతు దానంతటదే తగ్గింది.

"రేపు నాలుగింటికి రండి," అంది. "నా పుస్తకం నేనే చదువుతాను. మీ అందరి ముందు, పెద్ద మేడమ్ ముందు. ఎవరిది చదవొద్దంటే వాళ్ళది చదవను. ఎక్కడ తప్పు రాశానో అక్కడ మీరే దిద్దండి. పెన్సిళ్ళు తెస్తాను."

లాయరు మొదటిసారి తలెత్తింది. "మేడమ్ ముందరా? ఫెయిలైపోతారు."

"అవుతానేమో."

"అయితే మళ్ళీ బస్సేనా?"

"బస్సే."

లాయరు పెద్దాయన చేతిలోంచి కాగితాలు లాక్కుని మూత కింద పెట్టింది. మీట నొక్కుతూ, మిషనుతో చెప్పినట్టు, "అందరినీ అడగాలి," అంది.

*

శనివారం నాలుగయింది. తొమ్మిది కుర్చీలు గుండ్రంగా వేసి, కుర్చీకో పెన్సిలు పెట్టి, కండక్టరమ్మ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. పెద్ద మేడమ్ చెప్పిన టైముకే వచ్చింది. కుర్చీ వద్దని, నల్లబోర్డు పక్క మూలన నేలమీద గోడకి ఆనుకుని కూర్చుని, నోట్లో లవంగం వేసుకుంది. హాలు కట్టిన కొత్తలో ఆవిడ మొదట పనిచేసింది ఇక్కడేనని కోర్సులో అందరికీ తెలుసు. ఆ రోజుల సంగతి అడిగితే మాత్రం మాట మార్చేస్తుంది.

నాలుగూ ఐదు. నాలుగూ పది. ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కండక్టరమ్మ మనసులో అప్పుడే ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

నాలుగూ పన్నెండుకి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ముందు లాయరు, వెనక పొడుగ్గాడు, కవలలు, వాళ్ళ వెనక మిగతావాళ్ళు, చివర్లో ఎప్పుడూ టోపీ తియ్యని కొత్తవాడు. ప్రతి ఒక్కరి చేతిలో మడత పెట్టిన జిరాక్సులున్నాయి. కండక్టరమ్మ కళ్ళు అలవాటు కొద్దీ తలల మీదుగా పరుగెత్తాయి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. గుండెలో బరువు దిగింది. బస్సులో ఉన్నన్నాళ్ళూ ఆమె లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఎక్కినవాళ్ళెందరో దిగినవాళ్ళెందరో చివరి స్టాపు దాకా తలలోనే ఉండేది. అందుకామెకి డిపోలో పెద్ద పేరు.

"ముందు నాది చదవండి," అంది లాయరు కూర్చుంటూనే. ఇంకా 'అండీ' పోలేదు.

చదివింది. ఒక్క మాట మింగకుండా, గొంతు తడబడినా ఆగకుండా చదివింది. "ఇతరుల మాట పూర్తి కానివ్వదు" దగ్గరికి వచ్చేసరికి లాయరు "అది కాదు..." అని మధ్యలో అందుకుంది. హాలు ఒక్కసారి గొల్లుమంది. లాయరు కూడా నవ్వాపుకోలేక జిరాక్సు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"సరే, అది ఉంచండి," అంది. "దారి తప్పింది అన్నది మాత్రం కొట్టెయ్యండి. ఏ దారో మీరు ఎప్పుడూ చెప్పలేదు."

కండక్టరమ్మ కొట్టేసింది.

టైము చాలదని, మిగతావాళ్ళు తాము దిద్దాలనుకున్న మాటే చదవమన్నారు. తర్వాత పొడుగ్గాడు. మనిషి ఆరడుగుల పైనే ఉంటాడు, మాట మాత్రం పెదవి దాటదు. "ఎప్పుడూ తల దించుకునే ఉంటాడు. ఆత్మవిశ్వాసం సున్నా," అని చదివింది.

పొడుగ్గాడు లేచి నిలబడ్డాడు. చూపుడు వేలు పైకెత్తాడు. నెత్తికి జానెడు ఎత్తులో ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"అక్కా," అన్నాడు, "తల దించుకోకపోతే పోతుంది."

ఈసారి నవ్వు ట్యాంకు దాకా వినిపించి ఉంటుంది. పెద్ద మేడమ్ కూడా పొట్ట పట్టుకుంది. కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఆ గడిలో "ఫ్యాను పైకి బిగించాలి" అని రాసింది. ఆరు నెలల్లో ఆ పుస్తకంలో పనికొచ్చే లక్ష్యం రాయడం అదే మొదటిసారి అనిపించింది ఆమెకి.

కవలల్లో పెద్దదాని పేజీలో ఉన్నదంతా చిన్నది చేసిన పనులని తేలింది. "నాకు రావాల్సిన పొగడ్తలన్నీ అది తినేసింది," అని చిన్నది లబోదిబోమంది. ఒక అమ్మాయి మాత్రం తన వంతు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపింది. కండక్టరమ్మ ఆ పేజీలన్నీ పుస్తకంలోంచి జాగ్రత్తగా చింపి, మడిచి, చదవకుండా ఆమె చేతిలో పెట్టింది. ఎవరూ ఎందుకని అడగలేదు. మూలన పెద్ద మేడమ్ ఏదో రాసుకుంది.

అందరివీ అయ్యాక లాయరు గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు మా వంతు. మేం కూడా రాశాం." జేబులోంచి ఒక కాగితం తీసింది. దాని మీద కూడా మూడు గళ్ళు గీసి ఉన్నాయి, స్కేలు పెట్టి మరీ. పైన శీర్షిక: కండక్టరక్క.

"చదవమంటారా? వద్దంటే చదవం."

తన పేజీ ఇంకొకళ్ళ చేతిలో ఉంటే ఎలా ఉంటుందో కండక్టరమ్మకి అప్పుడు తెలిసింది.  తల ఊపింది.

"పరిశీలన. రాగానే తలలు లెక్కపెడుతుంది. కోపం వస్తే 'ముందుకు జరగండి' అంటుంది, మేం కూర్చుని ఉన్నా సరే. క్యారమ్‌లో ఓడిపోతే బోర్డు వంకరంటుంది. వానొచ్చిన రోజు మేం రామని తెలిసి కూడా వచ్చి, హాలు తెరిచి కూర్చుంది. అది పొడుగ్గాడు చూశాడు." లాయరు వేలు పక్క గడికి జరిపింది. "అంచనా. మా గురించి ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. బడిలో మార్కులు రాశారు, అంతే. ఈమె ఆరు నెలల్లో ఎనభై ఒక్క పేజీలు రాసింది. సగం తప్పులే. అయినా ఎనభై ఒక్క పేజీలు. దిద్దుకుంటే పనికొస్తుంది."

కండక్టరమ్మకి కళ్ళు నిండిపోయాయి. దాచుకోలేదు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఉత్తమ కండక్టరని రెండుసార్లు శాలువా కప్పారు, అప్పుడు ఇంత ఆనందం కలగలేదు.

"ఇంకా ఉంది," అంది లాయరు. గొంతు మారింది. "లక్ష్యం. లెక్క సరిచూసుకోవాలి."

"నా లెక్కా?" కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "అన్నీ ఒప్పుకుంటాను గానీ అదొక్కటీ ఒప్పుకోను. తొమ్మిదిమంది. నువ్వే లెక్కపెట్టు."

"తొమ్మిదిమందే అక్కా. మొదట్నుంచీ ఉన్న తొమ్మిదిమందేనా?"

'అక్కా' తిరిగొచ్చింది. కానీ దానికి సంతోషించే తీరిక లేకపోయింది. కండక్టరమ్మ మళ్ళీ చూసింది. ఈసారి తలలు కాదు, మొహాలు. లాయరు, పొడుగ్గాడు, కవలలిద్దరూ, మిగతా నలుగురూ, టోపీవాడు. టోపీవాడు చేరి మూడు వారాలయింది. అప్పుడు తొమ్మిది పది కావాలి కదా? కాలేదేం?

కిటికీ పక్కన ఎవరూ లేరు.

అక్కడొక అమ్మాయి కూర్చునేది. పదహారేళ్ళుంటాయి. కుర్చీ లాక్కుని ఎప్పుడూ కిటికీ దగ్గరికే వెళ్ళేది కాబట్టి అందరూ కిటికీ అనే పిలిచేవాళ్ళు. పెద్దగా మాట్లాడేది కాదు, గొడవ చేసేది కాదు. ఒకరు దిగారు, ఒకరు ఎక్కారు. లెక్క తొమ్మిదికి తొమ్మిది సరిపోయింది. లెక్క సరిపోయింది కాబట్టి కండక్టరమ్మ రైటు చెప్పేసింది.

"నన్ను నోరెక్కువ అన్నావని బోర్డు మీద రాశాను గానీ, అసలు కోపం దానికి కాదు," అంది లాయరు. "ఆ మాట మా అమ్మ రోజుకి రెండుసార్లు అంటుంది. పుస్తకమంతా చదివాను. దాని పేజీ మూడు వారాల కిందట ఆగిపోయింది. ఎందుకు రాలేదు అని ఒక్క ముక్క కూడా లేదు. నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నాం అక్కా. నీకు తెలీనే తెలీదు."

కండక్టరమ్మ పుస్తకం మూసేసింది. తలుపు దగ్గర నిలబడి "ఎవరు రాలేదు?" అని అడిగే గొంతు రెండేళ్ళుగా వింది. నవ్వుకుంది కూడా. మూలకి చూసే ధైర్యం లేకపోయింది.

లాయరు ఇంకో కాగితం అందించింది. "దాని పేజీ కూడా కాపీ తీసి నిన్న సాయంత్రం ఇచ్చొచ్చాను. వెనకాల ఇది రాసి పంపింది. నీకే."

చిన్న చిన్న అక్షరాలు, కాగితం అంచుకి ఒదిగి ఉన్నాయి. "అక్కా, హాలుకి వెళ్ళొద్దని అమ్మ అంది. అలాంటి చోట్ల మనల్ని ఎవరూ పట్టించుకోరు, రాకపోతే ఎందుకు రాలేదని కూడా అడగరు అంది. అడుగుతారని నేనన్నాను. పందెం వేసుకున్నాం. అప్పట్నుంచీ ఇంట్లో కిటికీ దగ్గరే కూర్చుంటున్నాను. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. మూడో వీధి, నీలం గేటు, పై వాటా."

కండక్టరమ్మ లేచి నిలబడింది. సంచీ ఎక్కడుందో వెతుక్కోలేదు. చెప్పులేసుకోబోయి, అప్పుడు గుర్తొచ్చి, గోడ గడియారం చూసింది. ఐదుకి ఇరవై నిమిషాలు తక్కువ. గంట పూర్తి కాలేదు. మధ్యలో లేచి వెళ్ళిపోతే ఆ పరీక్ష చెల్లదని రూలు. ఆ రూలు రాసిందే పెద్ద మేడమ్.

"ఇరవై నిమిషాలాగి వెళ్ళొచ్చు కదా," అన్నాడు టోపీవాడు, మెల్లిగా.

"ఇరవై రెండు రోజులు ఆగింది రా," అంది కండక్టరమ్మ. అంతే, ఇక ఆలోచించలేదు. "నేను వెళ్తున్నాను. మీరు..."

"మేం నడుపుకుంటాం," అంది లాయరు. అప్పటికే నల్లబోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది. గురువారం నాటి వాక్యాన్ని అరచేత్తో తుడిచేసి, "ఫ్యాను సంగతి ముందు. ఎవరెవరు ఏమంటారో చెప్పండి, మధ్యలో మాట్లాడను," అంది. పొడుగ్గాడు చెయ్యెత్తాడు. ఎత్తి, ఫ్యాను గుర్తొచ్చి, సగంలో ఆపాడు.

వెళ్తూ వెళ్తూ ఆ దృశ్యాన్ని ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంది కండక్టరమ్మ. తను లేకుండా జరుగుతోంది. రెండేళ్ళుగా నేర్చుకున్నదంతా దీనికోసమే కదా అనిపించి, ఫెయిలయ్యానన్న బాధ సగం తగ్గింది.

సగం మెట్లు దిగిందో లేదో, వెనక ఇంకో చెప్పుల చప్పుడు. పెద్ద మేడమ్. రెయిలింగు పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఒక్కో మెట్టే దిగుతోంది.

"మేడమ్, రూలు నాకు తెలుసు," అంది కండక్టరమ్మ. "మీరేం రాసినా..."

"రాసింది తర్వాత చూద్దాం. ఆ కాగితం ఇలా ఇవ్వు."

ఇచ్చింది. పెద్ద మేడమ్ కళ్ళజోడు సవరించుకుని చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. లవంగం నమిలే దవడ కూడా ఆగిపోయింది. 

"మూడో వీధి నీలం గేటా," అంది ఆవిడ. "అప్పట్లోనూ నీలమే. పద, నేనూ వస్తాను."

"మీకు ఆ ఇల్లు తెలుసా మేడమ్?"

"నా మొదటి బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉన్నట్టుండి రావడం మానేసింది. వారం ఆగి వెళ్ళాను. ఆ పై వాటా గుమ్మం దాకా వెళ్ళి, లోపల ఏవో మాటలు వినిపిస్తే భయపడి, తలుపు కొట్టకుండా తిరిగొచ్చేశాను. ఇరవై రెండేళ్ళయింది. పెళ్ళయ్యాక కూడా ఆ పై వాటాలోనే ఉంటోందని తర్వాత విన్నాను." పెద్ద మేడమ్ కాగితాన్ని మడిచి కండక్టరమ్మ చేతిలో పెట్టింది. "ఈ పిల్లతో పందెం వేసిన తల్లి ఎవరనుకుంటున్నావు? ఆ అమ్మాయే."